పాత మియాటా ఇచ్చేసి కొత్త తరంది తీసుకోవాలా: నేను నోట్‌బుక్‌లో వేసుకున్న లెక్క

గత ఏడాది మార్చిలో మా నాన్న తెనాలి నుంచి టెక్సాస్‌లో మేముండే ఫ్రిస్కో వచ్చే సరికి, నా 1999 మియాటా (మాజ్దా వాళ్ళ రెండు సీట్ల, టాప్ తెరుచుకునే స్పోర్ట్స్ కారు) అమ్మేసి 2019ది కొనాలా వద్దా అని నేను నాలుగు నెలలుగా తల బద్దలు కొట్టుకుంటున్నాను. పిల్లలు పడుకున్నాక ఫోన్‌లో కార్ల ఫొటోలు చూడటం, మా ఆయన "ఇంకా తేలలేదా?" అని అడగటం, రోజూ ఇదే వరస. నా ఫిర్యాదులు నాకున్నాయి. గతుకు వస్తే ఒళ్ళంతా అదిరేది. మలుపులో కారు వెనక భాగం తేలిపోతున్నట్టు అనిపించేది. వాన పడ్డాక సీటు వెనక నుంచి తడి గుడ్డ వాసన వచ్చేది.

నాన్న ఇదంతా విని గ్యారేజీలోకి వచ్చారు. మోకాళ్ళ నొప్పులతో అంత కిందికున్న కారులో కూర్చోలేరు కాబట్టి బయటే నిలబడి చూశారు. తర్వాత వంగి టైరుని బొటనవేలితో గట్టిగా నొక్కి, "వీటిని ఎప్పుడు మార్చావమ్మా?" అన్నారు.

టైరు పక్క గోడ మీద తయారీ నంబరు చివర 2314 అని ఉంది. అంటే 2014లో 23వ వారంలో తయారైంది. పైన గీతలు ఇంకా లోతుగానే ఉన్నాయి, అందుకే నాకు ఎప్పుడూ అనుమానం రాలేదు. దగ్గరగా చూస్తే గీతల మధ్య వెంట్రుకల్లాంటి పగుళ్ళు. రబ్బరు చెక్కలా బిగుసుకుపోయింది. ఒకే బజాజ్ చేతక్‌ని 19 ఏళ్ళు నడిపిన మనిషికి ఆ సంగతి బొటనవేలితోనే తెలిసిపోయింది. నాలుగు నెలలుగా నేను కారు తరం మార్చాలని చూస్తున్నాను. నన్ను విసిగించిన వాటిలో సగానికి కారణం మాత్రం పదేళ్ళ నాటి ఆ రబ్బరు.

ఆ రోజు నుంచి నేను చేసిన పనులన్నీ వరసగా రాస్తున్నాను. మీ దగ్గర పాత స్పోర్ట్స్ కారు ఉండి, దాని కొత్త తరం మీద మనసు పడితే ఇవి పనికొస్తాయి.

నోట్‌బుక్‌లో రెండు కాలమ్‌లు

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. కార్ల విషయంలో ఇది అక్షరాలా నిజం. కారులో మీకు నచ్చనివన్నీ ఒక పేజీలో రాసి, వాటిని రెండుగా విడదీయండి. వయసుతో వచ్చినవి ఒక వైపు, పుట్టుకతో ఉన్నవి ఇంకో వైపు. మొదటి వాటిని డబ్బు పెట్టి బాగుచేయించవచ్చు. రెండో వాటికి ఎంత పోసినా లాభం లేదు, కారు మార్చాల్సిందే.

కంపెనీ కారుని మొత్తంగా మార్చి కొత్తగా చేసిన ప్రతిసారీ దాన్ని ఒక తరం అంటారు. మియాటాకి ఇప్పటిదాకా నాలుగు తరాలు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో బయటికొచ్చిన మొదటి తరాన్ని అభిమానులు ఎన్ఏ అంటారు, పైకి లేచే హెడ్‌లైట్లున్నది అదే. 1999 మోడల్‌తో ఎన్‌బీ, 2006తో ఎన్‌సీ, 2016తో ఎన్‌డీ వచ్చాయి. నాది ఎన్‌బీ, చూస్తున్నది ఎన్‌డీ. మధ్యలో ఒక తరం దాటేస్తున్నాను కాబట్టి తేడాలు ఎక్కువే ఉంటాయనుకున్నాను.

నా మొదటి కాలమ్‌లో పడ్డవి: టైర్లు, షాక్ అబ్జార్బర్లు, అప్పుడప్పుడూ మెత్తబడిపోయే క్లచ్ పెడల్, తడి వాసన. రెండో కాలమ్‌లో పడ్డవి: ముందు రెండు ఎయిర్‌బ్యాగులే ఉండి పక్కవి లేకపోవడం, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేకపోవడం, కారు జారుతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టే స్టెబిలిటీ కంట్రోల్ లేకపోవడం, కదలని స్టీరింగ్. ఈ చివరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ కాదు. ఎన్‌బీలో స్టీరింగ్ పైకీ కిందికీ జరగదు. నా కన్నా పొడుగైన మా ఆయనకి క్లచ్ తొక్కినప్పుడల్లా మోకాలు దానికి తగిలేది. అందుకే ఆయన ఆ కారు ముట్టుకునేవారు కాదు.

ఏది ఏ కాలమ్‌లోదో తేలకపోతే, మీ కారు తరం బాగా తెలిసిన మెకానిక్‌కి గంటకి ఇంత అని ఇచ్చి లిఫ్ట్ మీద ఎక్కించి చూపించండి. "ఇది మార్చితే పోతుందా, ఈ మోడలంతా ఇంతేనా?" అని ఒక్కొక్కటీ అడగండి. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. 24 ఏళ్ళు దాటిన కారుకి మా కౌంటీలో పొగ పరీక్ష కూడా లేదు. అంటే నా కారు టైర్లూ బ్రేకులూ చూసే కన్ను నాది తప్ప ఇంకొకటి లేదు.

తడి వాసన సంగతి

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చాలామంది ఈ ఒక్క వాసనకే విసిగి కారు వదిలించుకుంటారు. సాఫ్ట్ టాప్, అంటే మడిచే గుడ్డ కప్పు మీద పడ్డ వాన వెనక అంచున ఉన్న కాలువలోకి జారి, సీట్ల వెనక రెండు మూలల్లో ఉన్న కంతల గుండా కింద నేల మీదికి పోవాలి. మా ఇంటి ముందు ఓక్ చెట్టు ఉంది. ఏళ్ళ తరబడి దాని ఆకులు పొడై ఆ కంతల్లో ముద్దలా పేరుకున్నాయి. నీళ్ళు పోయే దారి లేక లోపలికి పొంగి కార్పెట్‌లో ఇంకాయి. అదే ఇంకొన్నేళ్ళు సాగితే తలుపుల కింది రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. తుప్పు ఒకసారి పట్టిందంటే కారు ధరా పోతుంది, బలమూ పోతుంది.

టాప్ సగం ఎత్తి, టార్చి పట్టుకుని చూస్తే మూలలో నల్లటి ముద్ద కనిపించింది. గడ్డి కోసే ట్రిమ్మర్‌లో వాడే మెత్తటి ప్లాస్టిక్ తీగ మూరెడు తీసుకుని నెమ్మదిగా దించాను. ఇనప తీగ వద్దు, లోపలి గొట్టం చిరుగుతుంది. పది నిమిషాలు ఆడించాక గ్లాసుడు నీళ్ళు పోస్తే కారు కింద టపటపా పడ్డాయి. నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని "పడుతున్నాయి, పడుతున్నాయి" అని చెబుతున్నారు. తర్వాత కార్పెట్ ఎత్తి నాలుగు రోజులు ఆరబెట్టాను. రేకు మీద తుప్పు లేదు. ఆ వాసన మళ్ళీ రాలేదు. ఖర్చు సున్నా.

మిగతావి డబ్బుతో అయ్యాయి. టైర్లు 440 డాలర్లు, నాలుగు షాక్‌లు కూలితో కలిపి 1,080, వీల్ అలైన్‌మెంట్ 130, క్లచ్ స్లేవ్ సిలిండర్ 160. మొత్తం 1,810. అమ్మబోయే కారుకి ఇంత ఎందుకు అని మా ఆయన అడిగారు. అరిగిపోయిన పాతదాన్ని మెరిసే కొత్తదాని పక్కన పెడితే ఏది గెలుస్తుందో అడగక్కర్లేదు. అది తరానికీ తరానికీ పోటీ కాదు, ఓపిక ఉన్నదానికీ ఓపిక లేనిదానికీ పోటీ. పాతదాన్ని దాని ఆరోగ్యంలో చూశాకే పోల్చాలి. పైగా బాగుచేసిన కారు మంచి ధరకి పోతుంది, ఆ డబ్బులో కొంత వెనక్కి వస్తుంది.

టైమింగ్ బెల్ట్ కూడా చూసుకోండి. ఎన్‌బీ ఇంజిన్‌కి 60,000 మైళ్ళకొకసారి మార్చాలి, దాంతోపాటే వాటర్ పంపు కూడా మార్పిస్తారు. నాది అంతకు ముందు ఏడాదే అయింది. రసీదు దాచుకున్నాను.

ఒకే రోజు, ఒకే రోడ్డు

షోరూం నుంచి బయల్దేరి సేల్స్ మనిషి చెప్పిన నాలుగు వీధులు తిరిగి వస్తే ఏమీ తెలియదు. నేను ఒకరోజు పొద్దున్నే నా కారులో సెలైనా వైపు వెళ్ళి, ఎఫ్ఎం 455 అనే రోడ్డు మీద ఇరవై మైళ్ళు నడిపి వచ్చాను. టెక్సాస్‌లో మా వైపు అంతా చదునే, మలుపున్న రోడ్డు దొరకడమే గొప్ప. అదే రోజు మధ్యాహ్నం, ఒక ప్రైవేటు అమ్మకందారు 2019 కారులో అదే రోడ్డు మీద అదే దూరం నడిపాను. ఇన్సూరెన్స్ కాగితం చూపించి ముందే అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. ఎండలో వెళ్ళండి. ఏసీ, సీటు వేడి, తల వెనక గాలి హోరు, అన్నీ అప్పుడే తెలుస్తాయి.

నాకు ఆశ్చర్యం కలిగించింది బరువు. కొత్త తరం వచ్చిందంటే కారు లావెక్కుతుందని అందరి అనుభవం. ఎన్‌బీ సుమారు 2,300 పౌండ్లు, మాన్యువల్ గేర్లున్న ఎన్‌డీ 2,350 లోపే. పొడవులో ఎన్‌డీయే ఒక అంగుళం పైన పొట్టి. 1999 ఇంజిన్ 140 హార్స్‌పవర్. ఎన్‌డీ మొదట 155తో వచ్చింది, 2019 నుంచి 181. ఇంజిన్ తిరిగే హద్దు కూడా అప్పుడే నిమిషానికి 6,800 చుట్ల నుంచి 7,500కి పెంచారు. స్టీరింగ్ ముందుకీ వెనక్కీ జరిగే ఏర్పాటు కూడా 2019తోనే వచ్చింది. ఎన్‌డీ కొనాలనుకునే వాళ్ళు 2016 నుంచి 2018 వరకూ వచ్చినవీ, 2019 తర్వాతవీ వేరుగా చూడాలి. ధరలో తేడా కొద్దిగానే ఉంటే 2019 తర్వాతదే తీసుకోండి. ఇందులో నాకు రెండో మాట లేదు.

అయినా నిజం చెప్పాలి. కొత్త టైర్లూ షాక్‌లూ పడ్డాక, ఆ రోడ్డు మీద నా పాత కారే నాకు ఎక్కువ నచ్చింది. ఎన్‌బీకి నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్, ఎన్‌డీకి మోటారుతో పనిచేసే ఎలక్ట్రిక్. పాతదానిలో ముందు చక్రాల కింద తారు ఎక్కడ గరుకుగా ఉందో, ఎక్కడ కంకర పడి ఉందో అరచేతికి తెలుస్తుంది. కొత్తది చకచకా తిరుగుతుంది గానీ చేతికి అంత కబురు రాదు. మలుపులో ఒక పక్కకి కాస్త ఎక్కువ ఒరుగుతుంది కూడా. గేరు వేయడంలో మాత్రం రెండూ రెండే. మణికట్టు కదిపితే చాలు, టక్కున పడుతుంది.

కొత్త తరంలో పోయేవీ రాసుకోండి. ఎన్‌డీలో ఎడమ కుడి ఎటు చూసినా గ్లోవ్ బాక్స్ ఉండదు. కాగితాలు సీట్ల మధ్య అరలో పెట్టుకోవాలి. స్పేర్ టైరు లేదు, పంక్చర్ మూసే ద్రావణం, చిన్న పంపు ఇస్తారు. డిక్కీ కూడా ఎన్‌బీ కన్నా కొంచెం చిన్నది. నాకు ఇవి పెద్ద లెక్క కాదు. మీరు దానిలోనే రోజూ ఆఫీసుకి వెళ్ళేవాళ్ళయితే లెక్కే.

వేరే కార్లలో ఈ కాలమ్ ఇంకా బరువుగా ఉంటుంది. షెవర్లే కార్వెట్‌లో 2020తో వచ్చిన సీ8 తరానికి ఇంజిన్ డ్రైవర్ వెనక్కి వెళ్ళింది, క్లచ్ పెడల్ అసలు లేకుండా పోయింది. పోర్షే బాక్‌స్టర్‌లో 981 తరంతో ఎలక్ట్రిక్ స్టీరింగ్ వచ్చింది. 2016లో 718గా మారినప్పుడు మామూలు మోడళ్ళలో ఆరు సిలిండర్ల ఇంజిన్ పోయి నాలుగు సిలిండర్ల టర్బో వచ్చింది. ఇలాంటివి పోగొట్టుకున్నాక మళ్ళీ కావాలంటే చాలావరకు పాత కారే కొనుక్కోవాలి. మీరు ఆ కారుని మొదట ప్రేమించింది ఆ ఒక్క గుణం కోసమే అయితే మార్చకండి. పాతదానికే డబ్బు పెట్టండి. వయసైన కార్లకి ముందే ఒప్పుకున్న విలువ చెల్లించే కలెక్టర్ ఇన్సూరెన్స్ ఉంటుంది, అది తీసుకుని నిశ్చింతగా నడుపుకోండి.

డబ్బు

ఇక్కడ మనవాళ్ళు చాలామంది తొందరపడతారు. డీలరు దగ్గర పాతది ఇచ్చేసి కొత్తది తీసుకుంటే ఒక్క సంతకంతో అయిపోతుందని. టెక్సాస్‌లో వాహనం మీద అమ్మకపు పన్ను 6.25 శాతం. డీలరుకి పాత కారు ఇస్తే దాని విలువ తీసేసి మిగిలినదాని మీదే పన్ను వేస్తారు. ఇది నిజమైన లాభమే, కాకపోతే ఎంత లాభమో లెక్క వేయాలి.

ఒక డీలరు నా కారుకి 3,500 డాలర్లు ఇస్తానన్నారు. దాని మీద కలిసొచ్చే పన్ను 3,500లో 6.25 శాతం, సుమారు 219. బయట నేను సొంతంగా అమ్మితే 7,200 వచ్చింది. తేడా 3,700. పన్ను లాభం తీసేసినా 3,481 నాకే మిగిలింది. పాత స్పోర్ట్స్ కార్ల విషయంలో దాదాపు ఎప్పుడూ ఇంతే, ఎందుకంటే డీలరుకి అది పాతికేళ్ళ పాత బండి, అభిమానికి అది వెతుక్కుంటున్న బండి. అదే మీరిచ్చే కారు 30,000 విలువ చేసేదైతే పన్నులోనే 1,875 కలిసొస్తుంది. అప్పుడు డీలరు ఇచ్చే ధర కాస్త తక్కువైనా ఒప్పుకోవచ్చు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి మాత్రం ఈ లాభమే లేదు, అక్కడ కొత్త కారు పూర్తి ధర మీద పన్ను కట్టాలి. మీ రాష్ట్రం సంగతి ముందే తెలుసుకోండి.

ఇక నా పూర్తి లెక్క. 2019 కారు 22,500. పన్ను 1,406. కాగితాల ఖర్చులతో కలిపి 24,150 దాకా. పాతది అమ్మిన 7,200 పోతే చేతి నుంచి పడేది సుమారు 17,000. ఇన్సూరెన్స్ నెలకి 61 డాలర్లు పెరిగింది, ఐదేళ్ళకి 3,660. పాత కారుకి 16 ఏళ్ళుగా రాసుకున్న ఖర్చులు కూడితే సగటున ఏడాదికి 900 అయింది. అంటే డబ్బు ఒక్కటే చూస్తే పాతది ఉంచుకోవడమే లాభం, అందులో సందేహం లేదు. రిపేర్లు ఎక్కువవుతున్నాయి, అందుకే కొత్తది తీసుకుంటే పొదుపు అని ఎవరైనా అంటే కాగితం మీద చూపించమనండి.

నేను ఎందుకు మార్చాను

పాతదే నచ్చింది, పాతదే చవక. అయినా మార్చాను. ఆ ఏడాది మా అమ్మాయికి 15 నిండాయి. టెక్సాస్‌లో ఆ వయసుకి లెర్నర్ లైసెన్స్ ఇస్తారు. క్లచ్ ఉన్న కారే నేర్చుకుంటానని పట్టుబట్టింది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఒక సాయంత్రం దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని సామ్ రేబర్న్ టోల్‌వే మీద వెళ్తుంటే, పక్క లేన్‌లో ఒక పెద్ద పికప్ వచ్చింది. తల తిప్పి చూస్తే దాని చక్రం నట్లు మా అమ్మాయి చెవి ఎత్తులో తిరుగుతున్నాయి. ఆ తలుపులో ఎయిర్‌బ్యాగ్ లేదు. 16 ఏళ్ళు నేను ఒక్కదాన్నే నడిపినప్పుడు ఆ మాట నా మనసులోకి రాలేదు. ఆ రాత్రి నోట్‌బుక్ తీసి రెండో కాలమ్‌లో పక్క ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్ చుట్టూ గీత గీశాను. అమెరికాలో 2012 మోడల్ నుంచి ప్రతి కొత్త కారుకీ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. కొత్తగా నేర్చుకునే పిల్ల చేతికి అది లేని కారు, అదీ ఇంజిన్ శక్తి వెనక చక్రాలకి వెళ్ళేది, వానాకాలంలో, ఇవ్వలేను.

మీ కారణం వేరే ఉండొచ్చు. రెండో కాలమ్‌లో మీరు చుట్టూ గీత గీయాల్సిన మాట ఒక్కటీ లేకపోతే కారు మార్చకండి. నా నోట్‌బుక్‌లో ఆ సాయంత్రం వరకూ లేదు, అందుకే నాలుగు నెలలు తేలలేదు.

అమ్మేటప్పుడు జాగ్రత్తలు మూడు చెబుతాను. కొనేవాళ్ళతో కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్ళి, టైటిల్ (యాజమాన్య పత్రం) మీ ఎదురుగానే వాళ్ళ పేరు మీదికి మార్పించండి. నంబరు ప్లేట్లు విప్పి మీ దగ్గర ఉంచుకోండి, అద్దానికున్న టోల్‌ట్యాగ్ కూడా తీసేయండి, లేకపోతే వాళ్ళు తిరిగిన టోళ్ళ బిల్లులు మీ ఇంటికి వస్తాయి. 30 రోజుల్లోపు వాహనం చేతులు మారిందని రాష్ట్ర వాహనాల శాఖ డీఎంవీకి ఆన్‌లైన్‌లో తెలపండి.

నా కారు కొన్నది డెంటన్‌లో చదువుకుంటున్న ఒక అబ్బాయి. రసీదుల ఫైలు, తాళాలు రెండు జతలు ఇచ్చాను. టాప్ సగం ఎత్తి మూలల్లో కంతలు ఎక్కడున్నాయో టార్చి వేసి చూపించాను. అతను వంగి చూసి, తీగ తనే ఒకసారి దించి చూశాడు. తీగని చుట్ట చుట్టి డిక్కీలో స్పేర్ టైరు పక్కన పెట్టి ఇచ్చాను.